మన కింద కూడా ఓ ఊరుంది

పానగల్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఒక్క సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీద నిలబడి ఆ నీళ్లను కళ్లారా చూడండి. కందూరు చోడుల నాటి చెరువు ఇది. ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీలు పట్టే జలాశయం. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా కాల్వల్లో పారించి కృష్ణమ్మను ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. ఎందుకు తెచ్చుకున్నామో మీ తాతలను అడగండి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లను గారపట్టించి, ఎముకలను వంకర్లు తిప్పిన నల్లగొండ జిల్లా మనది. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు నిలిచిపోయింది. ఆఫ్రికా దేశాల్లోనూ ఆ పేరు తెలుసు. మంచినీళ్ల విలువ మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మరి ఆ నీళ్లు వాడుకున్నాక ఎటు పోతున్నాయి?

అక్కంపల్లి నుంచే 2004 నుంచి హైదరాబాద్‌కూ కృష్ణా నీళ్లు వెళ్తున్నాయి. తెల్లగా వెళ్లిన ఆ నీళ్లు నగరంలో మురుగై మూసీలో దిగుతున్నాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా పొలాలను తడుపుకుంటూ వచ్చి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తున్నాయి. కత్వల కింద నురగ లేచే ఆ నీళ్లతోనే నారు పోసుకునే రైతు గోస మనకు తెలుసు. ‘మీ మురుగు మా మీదికి ఎందుకు వదులుతున్నారు’ అని నగరాన్ని నిలదీసే హక్కు మనకుంది. కానీ మన కింద కూడా ఓ ఊరుంది. రేపు ఆ ఊరు మనల్ని అదే మాట అడిగితే ఏం చెబుతాం?

మనిషికి రోజుకు 135 లీటర్లు ఇస్తే, అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల లెక్క. అంటే లక్ష జనాభా ఉన్న పట్నం రోజుకు కోటి లీటర్లకు పైగా మురుగు వదులుతుంది. అది నేరుగా వాగులో పడితే, అందులోని మలినాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా పీల్చేస్తాయి. చేపలు ఊపిరాడక తేలతాయి.

శుద్ధి ప్లాంటు చేసేది ఒక్కటే. వాగులో జరగాల్సిన ఆ పోరాటాన్ని తొట్టెలో ముగిస్తుంది. ముందు జల్లెడలు గుడ్డపేలికలను, ప్లాస్టిక్‌ను ఆపుతాయి. తర్వాత ఇసుక అడుగుకు చేరుతుంది. ఆపైన తొట్టెలోకి గాలి ఊదితే కోట్ల సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. ఈ విద్యను 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు లోకానికి చూపించారు. ప్లాంటుకు వెళ్తే ఆపరేటర్ చేతిలోని లీటరు గాజు జాడీని చూడండి. గోధుమరంగు బురద నీళ్లు అందులో పోసి అరగంట కదపకుండా ఉంచుతాడు. బురద మెల్లగా అడుగుకు దిగి, పైన తేటనీరు నిలుస్తుంది. తడిమట్టి వాసన వస్తే సూక్ష్మజీవులు బాగున్నట్టు. నల్లబడి కంపు కొడితే గాలి అందనట్టు. ఆ జాడీని చదవడం వచ్చినవాడే ఆ వాగుకు కాపలాదారు.

ఆ కాపలాదారులు మీలోంచి రావాలి. ముందుగా ఈ ఆదివారం మీ వాకిలి ముందరి మోరీ వెంట నడవండి. అది ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ కుంటలో, ఏ వాగులో కలుస్తుందో నోట్‌బుక్‌లో గీయండి. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి ఆ మురుగును ఎక్కడ పోస్తుందో అడగండి. గీసిన పటం తీసుకుని మీ వార్డు ప్రతినిధి దగ్గరికి, పురపాలక కార్యాలయానికి వెళ్లండి. ప్లాంటు లేకపోతే ఎప్పుడు కడతారని అడగండి. ఉంటే మోటార్లు రాత్రిళ్లు కూడా తిరుగుతున్నాయా, బయటికి వదిలే నీటి పరీక్ష ఫలితాలేవని అడగండి. ఒకసారి అడిగి ఊరుకోకండి.

ఇంట్లోనూ పని ఉంది. ప్యాడ్లు, పాత గుడ్డలు, వాడిన నూనె మోరీలో వేయనివ్వకండి. అవి అడ్డుపడినచోటే మరో మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించే పాపం మొదలవుతుంది. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మన కళ్లముందు అలా జరుగుతుంటే ఆపండి. పాలిటెక్నిక్, ఐటీఐ, బీఎస్సీ చదివే పిల్లలారా, మురుగు శుద్ధిని చిన్న పనిగా చూడకండి. రోగం వచ్చాక మందిచ్చే డాక్టర్ ఎంత అవసరమో, రోగం రాకుండా నీళ్లను కాచే మనిషీ అంతే అవసరం.

సద్దుల బతుకమ్మ నాడు మన కింది ఊరి ఆడబిడ్డ ముక్కు మూసుకోకుండా మోకాలి లోతు నీళ్లలో దిగాలి. తంగేడు, గునుగు పూలు తేట నీళ్ల మీద కదిలిపోతుంటే చూస్తూ నిలబడాలి. ముందు మన మురుగును మనం శుద్ధి చేసి చూపిద్దాం. ఆ తర్వాత మూసీ కోసం గొంతెత్తుదాం. అప్పుడు మన మాటను కాదనే ధైర్యం ఏ నగరానికీ ఉండదు.