రంగు కింది కట్టె

కొన్నేళ్ల క్రితం హైదరాబాదులో మా ఇంటి డాబాపై వేయడానికి ఒక టేకు బల్ల కొన్నాము. అస్ర్ నమాజు తరువాత అమ్మ దానిపై కూర్చొని తస్బీహ్ చేసుకునేవారు. రెండు వానాకాలాలకే కాలు విరిగి అమ్మ కింద పడ్డారు. అల్లాహ్ దయవల్ల పెద్ద దెబ్బ తగలలేదు. ముదురు రంగు కింద ఉన్నది చేవ కాదు, పుచ్చిపోయే తెల్ల కట్టె. అడిగితే, "వానకు తడిసింది" అన్నాడు వర్తకుడు.

ధాన్యపు కుప్పలో తడిని దాచినవాడూ దైవప్రవక్త (స) ముందు వాననే సాకుగా చెప్పాడు. ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు.

కనుక రంగు పూయని టేకునే చూపమని అడగండి. బంగారు గోధుమ వన్నెలో ఉండే చేవను దాని సహజ తైలమే తేమ నుండి, చెదల నుండి కాపాడుతుంది. ఇనుప మేకులకు బదులు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలు ఉండాలి.

ఎండకు టేకు బూడిద వన్నెకు తిరుగుతుంది. అది పుచ్చు కాదు. బల్లను పారవేస్తే అది దుబారాయే. సబ్బునీటితో, మెత్తని బ్రష్షుతో గీతల వెంబడి కడిగితే చాలు. వార్నిషు ఎండవానలకు పొరలుగా లేచిపోతుంది. కాళ్ల కింద నీరు నిలవనీయకండి.

లోపాన్ని చెప్పి అమ్మడం వర్తకుని బాధ్యత. కొన్న వస్తువును అమానతుగా కాపాడుకోవడం మన బాధ్యత.