ద్వీపమునకు అతిథులుగా వెళ్లుట



వరి కోతలు ముగిసిన తరువాత ఒక రైతు దంపతులు నా వద్దకు వచ్చారు. వారికి పెండ్లయి ముప్పై ఏండ్లు. ఆ తల్లి పొలము, పశువులు, పిల్లల చదువులు తప్ప మరేమీ ఎరుగదు. ఉద్యోగము చేస్తున్న కుమారుడు వారిని ఏదైనా దీవికి పంపాలని డబ్బు కూడబెట్టాడు. తండ్రికి మాత్రము భయము. "నడిసముద్రంలో ఏదన్నా అయితే మాకు దిక్కెవరండీ, అయ్యగారూ?" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు గాని, ఆశ ముఖములోనే కనబడింది. ఆ ఆశను భయముతో చంపకూడదు; ఏమీ తెలుసుకొనకుండా పంపనూ కూడదు.

నేను అండమాన్ దీవుల పేరు చెప్పాను. అది మన దేశమే గనుక పాస్‌పోర్టు అక్కరలేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో సుమారు 13 శాతము మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుండి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకము. ఆపదలో నోరు తెరిచి అడిగితే మన మాట అర్థమయ్యేవారు దొరుకుతారు. ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అక్కడే ఉన్నది గనుక పెద్దవయసువారు బస అక్కడ పెట్టుకొనుట మేలు. విశాఖ నుండి ఓడలో వెళ్లవచ్చును గాని, సముద్రముపై రెండు మూడు రోజులు పడుతుంది. ఒంట్లో బాగులేనివారికి విమానమే నయము.

ఇక కాలము. మే నుండి సెప్టెంబరు వరకు వర్షాలు, ఆ తరువాత తుఫానుల భయము. సంక్రాంతి వెళ్లాక ఏప్రిల్ లోపల సముద్రము నెమ్మదిగా ఉంటుంది. రైతుకు తీరిక దొరికేదీ అప్పుడే.

జాగ్రత్తలు మూడు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ సమీపాన పరిమితికి మించి జనమును ఎక్కించుకున్న పడవ మునిగి 21 మంది చనిపోయారు. కిక్కిరిసిన పడవ ఎక్కవద్దు, లైఫ్ జాకెట్ లేనిదే కదలవద్దు. రెండవది, అక్కడి ఉప్పునీటి కయ్యలలో మొసళ్లున్నవి; 2010లో హేవ్‌లాక్ దీవి తీరాన ఒక విదేశీ యువతి మొసలికి బలియైనది. హెచ్చరిక బోర్డున్న చోట నీటిలో దిగవద్దు. మూడవది, 2004 డిసెంబరు 26 నాటి సునామీని మరువవద్దు. భూమి గట్టిగా కంపిస్తే ఎవరో చెప్పేవరకు ఆగక మెట్టకు వెళ్లాలి.

అయితే ఇంకొక ప్రశ్న కూడా ఉన్నది. ఆ దీవి మనకు క్షేమమా అని అడుగుతాము. మనము ఆ దీవికి క్షేమమా? అక్కడి అడవులలో జారవాలు నివసిస్తున్నారు. బయటివారితో కలియుట మొదలైన కొద్ది కాలానికే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది. మనకు సామాన్యమైన జబ్బు వారికి ప్రాణాంతకము. అందుకే వారి ఫోటోలు తీయుట, తినుబండారాలు ఇచ్చుట నేరము. ఉత్తర సెంటినెల్ దీవికైతే ఎవరూ వెళ్లరాదు. 2018 నవంబరులో సువార్త చెప్పాలని చట్టము మీరి అక్కడికి వెళ్లిన ఒక అమెరికా యువకుడు ప్రాణము పోగొట్టుకున్నాడు. అతని ఉద్దేశమును నేను తూచను. కాని తలుపు మూసియున్న ఇంట్లోకి చొరబడుట అతిథి లక్షణము కాదు. నికోబారు భాషలో క్రొత్త నిబంధనను అందించిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆ దీవుల బిడ్డ, ఆ ఇంటివాడు. ఆయన పుట్టిన కార్ నికోబార్‌ను చూడాలని మనకు ఉండవచ్చును గాని, దానికి ప్రత్యేక అనుమతి కావాలి. దానిని నమ్ముకొని బయలుదేరవద్దు.

అంతా విని ఆ తల్లి, "మరి జంతికలు చేసి పట్టుకెళ్లనా?" అని అడిగింది. తప్పక పట్టుకెళ్లమన్నాను. అడవి దారిలో మాత్రము సంచి విప్పవద్దని, బసలో తెలుగువారు ఎదురైతే వారికి పంచమని చెప్పాను. ఆయన నవ్వి, "అయితే రెండు డబ్బాలు చెయ్యి" అన్నాడు.

సంక్రాంతి తరువాత వారి ప్రయాణము.