యంత్రభాగములు కడుగుటకు పెట్రోలు వద్దు

గ్రామములలో ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, పవర్ స్ప్రేయర్లు పెరిగినకొద్దీ వాని మరమ్మతు పనియు పెరిగినది. విప్పిన భాగము ఏదైనను సరే, పళ్ళెములో కాస్త పెట్రోలు పోసి కడుగుట అనేకులకు అలవాటు. ఈ అలవాటును పూర్తిగా మానుకొనవలెనని నా అభిప్రాయము.

సున్నాకు 40 డిగ్రీలు దిగువనున్న చలిలో సైతము పెట్రోలు అంటుకొనగల ఆవిరినిచ్చును. ఈ ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా పాకి, దూరముననున్న పొయ్యినో బీడీ నిప్పునో చేరి, మంటను పళ్ళెము వరకు తెచ్చును. పెట్రోలులోని బెంజీను రక్తపు క్యాన్సరును కలిగించు పదార్థము. డీజిలు, కిరోసిను అంత తేలికగా అంటుకొనవు. అయినను మన వేసవి ఎండలలో వానియెడలను జాగ్రత్త అవసరము.

మురికిని చూచి కాదు, భాగమును చూచి ద్రావకమును ఎన్నుకొనవలెను. గేర్లు, బేరింగులు డీజిలుతో గాని కిరోసినుతో గాని బ్రష్షు పెట్టి కడుగవచ్చును. అవి మిగిల్చెడి జిడ్డుపొర తుప్పు పట్టకుండ కాపాడును. అదే పొర పొడి బ్రేకుల డ్రమ్ముమీద మిగిలినచో బ్రేకు పట్టదు. కనుక డ్రమ్ముకు, పొర మిగల్చక ఆరిపోవు బ్రేకు క్లీనరు స్ప్రే తగినది. బ్రేకు ఆయిలు తగులు రబ్బరు వాషర్లు డీజిలు, కిరోసిను తగిలిన ఉబ్బిపోవును; వానిని శుభ్రమైన బ్రేకు ఆయిలుతోనే కడుగవలెను. కార్బురేటరు జెట్టులో పేరుకొనిన బంకకు కార్బురేటరు క్లీనరు స్ప్రే మంచిది. అయితే అది రబ్బరును పాడుచేయును గనుక డయాఫ్రమును, వాషర్లను ముందుగా తీసివేయవలెను.

బ్రేకు క్లీనర్లు రెండు రకములు. ఎసిటోను, హెప్టేను వంటివి కలిసినవి క్షణములో అంటుకొనును. టెట్రాక్లోరోఇథిలీను గలవి మండవు. కాని వాని ఆవిరి హానికరము. అది వెల్డింగు వేడికి ఫాస్జీనుగా మారగలదు. 1915లో మొదటి ప్రపంచయుద్ధమున ప్రయోగించిన విషవాయువు అదియే. కావున ఆ స్ప్రే కొట్టిన భాగమును పూర్తిగా ఆరనీయక వెల్డింగు చేయించరాదు. ఏ రకమునైనను ఆరుబయటనే వాడవలెను. డబ్బాను ఎండలో నుంచరాదు.

పురుగుమందు డబ్బాపై రంగు గుర్తును చూచి జాగ్రత్తపడుట మన రైతులు నేర్చిరి. ఈ స్ప్రే డబ్బాలమీదను హెచ్చరికలుండును. అవి చిన్న ఇంగ్లీషు అక్షరములలో నున్నచో చదువువారెవరు? వానిని తెలుగులో ముద్రించుట తయారీదారుల బాధ్యత. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములకు సామగ్రి కొనునపుడు తగిన ద్రావకములు, చేతితొడుగులు, మూతగల పళ్ళెము కూడ జాబితాలో చేర్చునట్లు గ్రామాధికారులు చూడవలెను. కడిగిన మురికి ద్రావకమును కాలువలోగాని బావిచెంతగాని పారబోయనీయరాదు.

ఈ సామగ్రికగు ఖర్చు ట్రాక్టరు వెలముందు స్వల్పము. కాలిన చేయి తిరిగి మునుపటివలె కాదు. రైతు సోదరులు ఈ సంగతిని గమనింతురు గాక.