వంటయింటి ముచ్చటలు: కూర తినని తల్లి



క్రిందటి నెలలో ఒక సోదరి తన యైదేండ్ల కుమారుడు కూర యన్నది ముట్టడనియు, కంచములో ఆకుపచ్చని తునక యొకటి కనబడిన చాలు లేచిపోవుననియు, వానికేమి చేసి పెట్టవలయునో తెలుపుమనియు నాకు జాబు వ్రాసినది. బదులు వ్రాయుటకై కలము పట్టి మూడు దినములు కూర్చుంటిని. అక్షరము సాగలేదు. ఏలయన, నా ముప్పదినాలుగవ యేటివఱకు నేను ఆ కుఱ్ఱవానికంటె మేలైనదానను గాను. ఈ సంగతి ఈ పుటలలో ఇదివఱకెన్నడును చెప్పలేదు. చెప్పక జవాబు వ్రాసినచో అది బూటకమగును గనుక ముందుగా నా కథయే చెప్పుకొందును.

మా తండ్రిగారు నాకు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పిరి. గజేంద్రమోక్షణము మొదలుకొని తుదివఱకు అప్పగింపగలిగితిని గాని, పొట్లకాయ కూర ఒక కబళము మ్రింగలేకపోతిని. బీరకాయ జాఱుడు, బచ్చలి జిగురు, మెంతికూర చేదు, తోటకూర మట్టివాసన. ప్రతిదానికిని నాయొద్ద ఒక వంక సిద్ధముగా నుండెడిది. తెల్లని అన్నము, ఆవకాయ, నెయ్యి, వేపిన బంగాళాదుంప, అప్పడము, గడ్డపెరుగు, ఇవి యుండిన నాకు పండుగయే. ఒక్కతే కూతురునగుటచే ఎవరును బలవంతపెట్టలేదు.

అత్తవారింటికి వచ్చిన పిమ్మట కూరలన్నియు వండుట నేర్చితిని. మా పొట్లకాయ పెరుగుపచ్చడికి చుట్టములలో పేరుగూడ వచ్చినది. తినుట మాత్రము నేర్వలేదు. అందఱికిని వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలు ఏమి తినుచున్నదో చూచువారెవ్వరు? గిన్నెలో మిగిలిన కూరను రాత్రికని మూతపెట్టి, ఆవకాయ కలుపుకొని, పైన మజ్జిగ పోసికొని, చేయి కడిగిన వెంటనే కాఫీ త్రాగెడిదానను. మన యిండ్లలో ఈ కడపటి పంక్తిని ఇల్లాలి త్యాగమని కొనియాడుదురు. నాకు మాత్రము అది మంచి చాటు.

రెండేండ్ల క్రిందట డాబా మీద బట్టలు ఆఱవేయుటకు ఇరువది మెట్లు ఎక్కునప్పటికి గుండె దడదడలాడసాగెను. మావారు బడినుండి వచ్చు వేళకు నేను పండుకొనియుండుట వాడుకయయ్యెను. ఎండ వలన ననుకొంటిమి. ఎండలు పోయి వానలు వచ్చినను దడ పోలేదు. డాక్టరమ్మగారు నా క్రింది కనుఱెప్పను దించి చూచి, గోళ్లు చూచి, నెత్తురు పరీక్షకు పంపిరి. నా వయసు స్త్రీకి హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గరాదు. నాకు 8.4 ఉండెను.

"ఏమి తినుచున్నారమ్మా?" అని ఆమె యడిగిరి.

"అందఱును తినునదే" యంటిని.

ప్రక్కనున్న మా ఏడేండ్ల యమ్మాయి, "మా అమ్మ కూరలు తినదండీ. అందుకని నేనును తినను" అనెను.

ఎవరును చూచుట లేదనుకొన్న నా విస్తరిని ఇన్నాళ్లుగా ఒక పసిది చూచుచునే యుండెను. నా రోగము నాతో పోవునది గాదనియు, నగలకంటె ముందుగా నేను దానికి ఇదియే సొమ్ముగా ఇచ్చుచుంటిననియు అప్పుడు తెలిసి, తలయెత్తి ఆ డాక్టరమ్మగారి మొగము చూడలేకపోతిని.

ఇది నా యొక్కదాని దుఃఖము గాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. వారిలో పలువురు లేమిచేత నట్లయినవారు. ఇంట కూర యుండియు మూత పెట్టిన నావంటివారు తమ్ము తామే మందలించుకొనవలయును.

డాక్టరమ్మగారు ఇనుపధాతువు గల మాత్రలు వ్రాసియిచ్చి, ఇవి కూరకు బదులు గావనియు, కూర వీనికి బదులు గాదనియు కచ్చితముగా చెప్పిరి. ఆ మాత్రలతోపాటు ఫోలికామ్లము ఉండెను. దాని కథ మనము తెలిసికొనదగినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, అచ్చటి గర్భిణీస్త్రీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టునుండి తీసిన సారముచే అది కుదురుట కనుగొనెను. 1941లో పాలకూరనుండి వేఱుచేసిన ద్రవ్యమునకు, ఆకు అను అర్థమిచ్చు లాటిను మాటనుబట్టి ఫోలికామ్లమని పేరు పెట్టిరి. పిదప అమెరికాలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఒక తెలుగువాడు సీమలో కూర్చుండి ఆకులోని సారము నిచ్చినాడు. తెలుగు ఇల్లాలనైన నేను పెరటిలోని ఆకును గిన్నెలో మఱుగుపఱచితిని. అక్షయపాత్ర నంటియున్న కూరాకు తునక నొకదానిని ఆరగించి శ్రీకృష్ణుడు తృప్తుడైన కథ చెప్పునపుడు, అది ఆకు మహిమ గాదు, స్వామి మహిమ యని మా తండ్రిగారు సెలవిచ్చెడివారు. ఆకుకును కొంత మహిమ కలదని ఇప్పుడు వారితో వాదింపగలను.

ఇక నా మొదటి ప్రయత్నము నవ్వులపాలైన తీరు వినుడు. ఆస్పత్రినుండి వచ్చిన మఱునాడే తెల్లబియ్యము మూటకట్టి, దంపుడు బియ్యము, కొఱ్ఱలు, చోళ్లు తెప్పించితిని. కూరలన్నియు ఉప్పు కారములు తగ్గించి ఉడికించితిని. ఆవకాయ జాడీని అటక యెక్కించితిని. మూడవనాటి సాయంకాలము మావారు పిల్లలిద్దఱిని వెంటబెట్టుకొని షికారు పోయి, హోటలులో ఇడ్లీలు తిని, ఏమియు నెఱుగనట్లు వచ్చిరి. అమ్మాయి చొక్కాయి మీద సాంబారు మరక యుండెను. నాకు కోపము రాలేదు. నాకును ఒక ఇడ్లి తేలేదని మాత్రము మనసు చివుక్కుమన్నది.

అత్తగారు అటక మీది జాడీని దింపించి, "అమ్మాయీ, నాలుకను పసిపిల్లవలె దువ్వవలెను గాని చెవిపట్టి లాగరాదు. ఒక్కొక్కటిగా రమ్మను" అనిరి. ఆమె మాటయే నాకు దారి యయ్యెను.

మొదటి నెల నేను మార్చినది ఒక్కటే: ప్రతిదినము కందిపప్పులో గుప్పెడు తోటకూర సన్నగా తఱిగి, గుర్తుపట్టలేనంత మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిరపకాయల పోపు పెట్టుట. దించిన పిమ్మట నిమ్మకాయ పిండితిని. పుల్లని పండ్లలోని సి విటమిను మొక్కలలోని ఇనుమును ఒంటికి పట్టించును. వేడికి అది నశించును గనుక పొయ్యిమీద నుండగా పిండిన లాభము తక్కువ. రెండవ నెల మునగాకును నీడనార్చి, నువ్వులతోను మినపప్పుతోను వేయించి పొడి కొట్టితిని. మొదటి ముద్దలో అన్నముతో నేతితో కలిసిన ఆ పొడిని నా నాలుక పోల్చుకొనలేదు. ఆ పిమ్మట మొలకెత్తిన పెసలతో పెసరట్టు వేసి పిండిలోనే మెంతికూర కలిపితిని. గింజను నానబెట్టి మొలకెత్తించినచో ఇనుమును పట్టియుంచు ఫైటికామ్లము తగ్గును. మన పెద్దలకు ఆ పేరు తెలియకపోయినను ఆ పని తెలియును.

బియ్యము విషయమున రాజీపడితిని. మర పట్టి తవుడంతయు తీసిన తెల్లబియ్యమునకును బెరిబెరి రోగమునకును గల సంబంధమును గూర్చి 1890ల నాడే జావా ద్వీపమున ఐక్మను అను డాక్టరు కోళ్లను చూచి శోధించినాడు. అయినను అత్తగారి దంతములకు దంపుడన్నము కష్టము. అందుచే రెండు బియ్యములును చెఱిసగము వండి, గంజి వార్చుట మానితిని. ఉదయము చోడిఅంబలిలో మజ్జిగ కలిపి త్రాగుదుము. చోళ్లలో 100 గ్రాములకు ఇంచుమించు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పెరుగును మాత్రము ఎవరి మాటపైనను మానలేదు, మీరును మానవలదు. బి12 అను విటమిను మొక్కలలో దొరకదు, శాకాహారులమగు మనకు పాడియే ప్రధానమైన ఆధారము.

అన్నింటికంటె కష్టమైనది కాఫీ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో భోజనమునకు గంట ముందును, గంట తరువాతను కాఫీ తేనీరులు త్రాగవలదని చెప్పిరి. అందలి ద్రవ్యములు ఇనుమును ఒంటికి పట్టనీయవు. ఆ గంటను నేను గడియారము ముందు కూర్చుండి గడిపిన దినములు గలవు. కాకరకాయను జయించినానని చెప్పను. కొందఱి నాలుకకు చేదు జన్మతః ఎక్కువగా తోచునని 1931లో ఫాక్సు అను రసాయనశాస్త్రజ్ఞుడు చూపినాడట. అది చదివి కొంత ఊఱట పొందితిని.

మూడు నెలలకు హిమోగ్లోబిను 10.9 అయ్యెను. ఆఱవ నెలలో 12 దాటెను. మాత్రల పాలెంత, తోటకూర పాలెంత యని డాక్టరమ్మగారి నడుగగా నవ్వి ఊరకుండిరి.

ఇక జాబు వ్రాసిన సోదరికి. అమ్మా, నీ కుమారుని కూర తిన్నచో మిఠాయి పెట్టెదనని ఆశపెట్టకుము. కూర శిక్షయనియు మిఠాయి వరమనియు వానికి నీవే నేర్పినదానవగుదువు. చిటికెడు కూర విస్తరిలో ఒక మూల వేసి ఊరకుండుము. తినకున్న తీసివేసి, మఱియొకనాడు మరల వేయుము. క్రొత్త రుచి పిల్లలకు పట్టుటకు పది పదిహేను మారులు పట్టుట సహజము. మనము మూడవమారే విసుగుదుము. వాడు కూర్చున్నపుడు నీవును ప్రక్కన కూర్చుండి అదే కూర తినుము. మా యింట కడపటి పంక్తి ఇప్పుడు లేదు. గిన్నెలు నడుమ పెట్టుకొని అందఱమును ఒక్కమారే కూర్చుందుము. మొదటినాడు నేను కూర వడ్డించుకొనగా, అత్తగారు నా విస్తరి వంక చూచి, "పదునాలుగేండ్లకు" అని మాత్రము అనిరి. ఆమెకు మొదటినుండియు తెలియునన్నమాట.

నిన్న పొట్లకాయ వండితిని. అమ్మాయికి అది తొమ్మిదవమారు. ముక్కను పెదవికి తాకించి, నా మొగము చూచి, "అమ్మా, నీకును నచ్చలేదు గదా?" అనెను.

"నచ్చలేదు" అంటిని.

ఇద్దఱమును తింటిమి.