నాలుక చాపిందంటే నవ్వినట్టు కాదు

సిడ్నీ పశ్చిమ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఎండలు మొదలయ్యాక ఏదో ఒక పొద్దున పెరట్లో ఇది కనబడక మానదు. మూర పొడవు, లావుపాటి ఒళ్లు, దాని మీద ముదురు అడ్డపట్టీలు, పెద్ద తల. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ 'పామే' అని కేకేస్తుంది. తీరా చూస్తే ఆ ఒంటికి ఏమాత్రం సరిపోని నాలుగు బుల్లి కాళ్లు. నీలినాలుక బల్లి. మన పొలం గట్ల మీద తళుక్కున మెరిసి జారిపోయే నలికండ్ల పాముకు చుట్టమే, రెండూ స్కింక్ కుటుంబానివే. విషం లేదు.

స్కూలుకు ఎవరో తెచ్చి చూపించిన రోజు సాయంత్రమే పిల్లలు మొదలుపెడతారు, మనమూ ఒకటి పెంచుకుందామని. పెంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాన్ని నడిపించడానికి రోజూ వీధిలోకి తీసుకెళ్లక్కర్లేదు, మొరగదు, ఎదిగాక వారానికి రెండు మూడు సార్లు తిండి పెడితే చాలు. కాకపోతే పెరట్లో తిరిగేదాన్ని పట్టుకొచ్చి పెట్టెలో పెట్టడం కుదరదు. న్యూ సౌత్ వేల్స్‌లో అది చట్టవిరుద్ధం. లైసెన్సు తీసుకుని, లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి. పెరట్లోది పెరట్లోనే ఉండనివ్వండి. నత్తలను తిని కూరమడికి కాపలా కాస్తుంది. మీరు చేయవలసింది నత్తలమందు చల్లకపోవడం, గడ్డికోత యంత్రం తిప్పేముందు ఒకసారి చూసుకోవడం.

ఇక ఎంపిక. కొనేవాళ్లలో ఎక్కువమంది రంగు చూస్తారు. ఆ తర్వాత ఏది కదలకుండా కూర్చుందో చూసి 'ఇది సాధువు' అంటారు. నాకు చిరాకు తెప్పించేది ఆ మాటే. బల్లి ఒంటికి సొంత వేడి లేదు. చల్లటి గదిలో పెట్టిన ఏ నీలినాలుకైనా సాధువులాగే ఉంటుంది. వేడి దీపం కింద గంటసేపు వెచ్చబడ్డాక చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని అసలు గుణం. అమ్మేవాడిని మీ ఎదుట తిండి పెట్టమనండి. కళ్లు తేటగా ఉన్నాయా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయా, చెవి రంధ్రాల చుట్టూ నల్ల చుక్కల్లా పురుగులు ఉన్నాయా చూడండి. కాలివేళ్లు లెక్కపెట్టండి. కుబుసం సరిగ్గా ఊడకపోతే వేలి చుట్టూ దారంలా బిగుసుకుని రక్తం ఆడనివ్వదు, వేలు రాలిపోతుంది. వేళ్లు తక్కువగా ఉన్నాయంటే పెంచినవాడు పట్టించుకోలేదని చాలాసార్లు అర్థం. పిల్లను కొని పెంచితేనే మచ్చికవుతుందన్న నమ్మకమూ నాకు లేదు. ఎవరో పెంచుకుని ఇచ్చేస్తున్న పెద్ద బల్లి దొరికితే అదే మేలు, దాని స్వభావం ఏమిటో అప్పటికే తేలిపోయి ఉంటుంది.

ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు ముట్టుకోవద్దు. పిల్లలకు కష్టమే, కానీ తప్పదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టెలో ఒక కొసన 35 డిగ్రీల వేడి తగిలే చోటు, రెండో కొసన చల్లటి నీడ, దాక్కోవడానికి ఒక గూడు ఉండాలి. ఆ గూట్లో ఉన్నప్పుడు దాన్ని బయటికి లాగడం మహాపాపం. ఇంట్లో అదొక్కటే దానికి భద్రమైన చోటు. తర్వాత చేయి లోపల నేల మీద పరిచి ఊరికే ఉంచాలి. అది వస్తుంది, నాలుక కొసతో టపటపా తడిమి వాసన చూస్తుంది, వెళ్లిపోతుంది. మళ్లీ వస్తుంది. కొన్నాళ్లకు చేయి మీదికి ఎక్కుతుంది. ఎత్తేటప్పుడు కింద నుంచి ఎత్తాలి, వెనక కాళ్లకు ఆసరా ఇవ్వాలి. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దే. తిండి చేత్తో కాక పట్టకారుతో పెట్టాలి, లేకపోతే వేలికీ నత్తకూ తేడా మరిచిపోతుంది. ఆ దవడలు నత్తగుల్ల పగలగొట్టేవి. ఒకవేళ కరిస్తే గుంజుకోవద్దు, వదిలేదాకా ఓపిక పట్టడమే.

ఫోన్లలో తిరిగే ఫొటోల సంగతి కూడా చెప్పాలి. పిల్లాడి చేతిలో బల్లి, నోరు బార్లా, నీలి నాలుక మొత్తం బయటికి, కింద 'నవ్వుతోంది' అని రాత. 2018లో మాక్వెరీ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. నక్క, పక్షి, పాము, ఉడుము బొమ్మలతో ఈ బల్లులను బెదిరించి చూశారు. శత్రువు మీద పడబోయే ఆఖరి క్షణంలో నాలుకను పూర్తిగా చాపాయి. ఆ నాలుక వెనక భాగం అతినీలలోహిత కాంతిలో ముందుకొస కన్నా బాగా మెరుస్తుందట, వేటాడే పక్షిని ఉలిక్కిపడేలా చేయడానికి. కాబట్టి ఆ ఫొటోలో ఉన్నది ప్రాణభయం. నాలుక కొస ఆడిస్తుంటే సరే. మొత్తం చాపిందంటే దించేయండి.

మచ్చికైన నీలినాలుక మీ మీద ప్రేమ పెంచుకోదు. మీరు ప్రమాదం కాదని తెలుసుకుంటుంది, మీ అరచేయి వెచ్చగా ఉంటుంది కనుక కూర్చుంటుంది. అంతే. ఈ జాతికి బంధం తెలియదని కాదు. దీని దగ్గరి బంధువు షింగిల్‌బ్యాక్‌ను ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ బుల్ 1982 నుంచి దక్షిణ ఆస్ట్రేలియాలో గమనిస్తూ వచ్చారు. ఏడాదిలో ఎక్కువ కాలం విడివిడిగా తిరిగే ఆ బల్లులు వసంతం రాగానే పాత జతనే వెతుక్కుంటాయని, కొన్ని జంటలు ఇరవై ఏళ్లకు పైగా అలా నిలిచాయని తేల్చారు. బంధాలున్నాయి, మనతో కాదు. ఇది రుచించనివాళ్లు కుక్కను తెచ్చుకోవడం మంచిది.

ఇంట్లోవాళ్ల ఇబ్బందులు వేరే. శాకాహారుల ఇంట్లో దీన్ని శాకాహారిగా పెంచడం కుదరదు. కూరగాయలు, ఆకులు సగం వరకూ తింటుంది, మిగతాది నత్తలో, పురుగులో, మాంసమో కావాలి. ఉల్లిపాయ, అవకాడో పెట్టకూడదు. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా భయం ఉంది. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అసలు వద్దని అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ల సలహా, నాదీ అదే. అరకిలో బరువుండే బల్లి మీద పడితే ఏ ఫలమో పంచాంగంలో రాయలేదు కాబట్టి అమ్మమ్మకు మీరే సర్దిచెప్పుకోవాలి. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతుకుతుంది. అడిగిన పదేళ్ల పిల్ల చదువుకని వెళ్లిపోయాక దీపం మార్చేది అమ్మా నాన్నలే. సంక్రాంతికి నెలన్నర ఇండియా వచ్చేటప్పుడు ఎవరి దగ్గర వదులుతారో కొనకముందే తేల్చుకోవాలి.

హైదరాబాదులో కొందామనుకునేవాళ్లకు ఇంకొక్క మాట. సొంత సరీసృపాలను వ్యాపారానికి బతికుండగా ఎగుమతి చేయడాన్ని ఆస్ట్రేలియా అనుమతించదు. అయినా షింగిల్‌బ్యాక్‌లను మేజోళ్లలో కుక్కి పార్సిళ్లలో దొంగతనంగా పంపుతూ పట్టుబడ్డవాళ్లున్నారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం జాబితాకెక్కిన విదేశీ జీవులను పెంచేవాళ్లు వాటిని నమోదు చేయించాలి. 'నేరుగా ఆస్ట్రేలియా నుంచి తెప్పించాం సార్' అని అమ్మేవాడు గొప్పగా చెబుతున్నాడంటే, కాగితాలు కూడా అడక్కుండా బయటికి వచ్చేయండి.