గేమింగ్ కంప్యూటర్: కొనడమా, కూర్పించుకోవడమా?

కోల్‌కతా: మధ్య కోల్‌కతాలోని చాందినీ చౌక్ ప్రాంతం కంప్యూటర్ విడిభాగాల వ్యాపారానికి చిరకాలంగా పేరుపొందింది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ వాతావరణం కొత్త కాదు. పిల్లల ఆటలకు, చదువుకు కూడా పనికివచ్చే శక్తివంతమైన కంప్యూటర్ కోసం ఇక్కడికి వచ్చే మధ్యతరగతి కుటుంబం ముందు రెండు మార్గాలు ఉన్నాయి. పేరున్న కంపెనీ తయారుచేసిన యంత్రాన్ని యథాతథంగా కొనడం ఒకటి. విడిభాగాలు ఎంపిక చేసి కూర్పించుకోవడం మరొకటి. ‘అసెంబుల్డ్ అయితే చౌక’ అన్నది 1990 దశకం నుంచి స్థిరపడిన అభిప్రాయం. అయితే ఆ అభిప్రాయానికి ఆధారమైన పరిస్థితులు చాలావరకు మారిపోయాయి. నేడు కొనుగోలుదారు ముందుగా ఆలోచించవలసింది ధర గురించి కాదు, యంత్రం చెడిపోతే బాధ్యత ఎవరిదన్న విషయం గురించి.

కోల్‌కతాకు ఈ ప్రశ్న కొత్తది కాకపోవడం విశేషం. ఇక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1950 దశకం మధ్యలో బ్రిటన్ నుంచి హెచ్‌ఇసి-2ఎం అనే కంప్యూటర్‌ను కొని తెచ్చింది. దేశంలో నెలకొల్పిన తొలి డిజిటల్ కంప్యూటర్‌గా అది చరిత్రకెక్కింది. అదే సంస్థ ఆ తరువాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఐఎస్ఐజెయు-1 అనే యంత్రాన్ని స్వయంగా నిర్మించింది. అది 1966లో పనిలోకి వచ్చింది. కొన్న యంత్రం వెంటనే పనికి వచ్చింది. నిర్మించిన యంత్రం వల్ల పరిజ్ఞానం సమకూరింది. ఇప్పటి కుటుంబాల విషయంలోనూ లాభనష్టాల స్వరూపం దాదాపు ఇదే.

పన్నుల తేడా పోయింది

1990 దశకంలో దిగుమతి సుంకాలు, ఎక్సైజ్ పన్ను కలిసి కంపెనీ కంప్యూటర్ల ధరలను పెంచాయి. చిన్న దుకాణాలలో కూర్చిన యంత్రాలలో అనేకం ఈ పన్నుల పరిధిలోకి రాకుండా అమ్ముడుపోయేవి. ‘చౌక’ వెనుక ఉన్న అసలు కిటుకు చాలావరకు ఇదే. సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ 1997లో చేరిన తరువాత కంప్యూటర్లపైన, వాటి విడిభాగాలలో అనేకంపైన సుంకాలు దశలవారీగా తొలగిపోయాయి. 2017 జూలైలో జిఎస్‌టి అమలులోకి వచ్చిన పిమ్మట కంప్యూటర్‌కైనా, ప్రధాన విడిభాగాలకైనా పన్ను 18 శాతమే. అంతకుముందు 28 శాతం పన్ను ఉన్న 32 అంగుళాలకు మించిన మానిటర్లు కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పరిధిలోకి వచ్చాయి.

అందువల్ల, నేడు పన్ను రూపంలో ఆదా కావాలంటే బిల్లు లేకుండా కొనడం ఒక్కటే మార్గం. రూ. 80,000 విలువైన సరుకుపై ఆ ‘లాభం’ రూ. 14,400. దానికి బదులుగా కొనుగోలుదారు పోగొట్టుకునేది వారంటీ కోరే ఆధారం.

మెమరీ ధరల దెబ్బ

2025 చివరి నెలల నుంచి మరో మార్పు వచ్చింది. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న భారీ డేటా కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల తయారీదారులు తమ ఉత్పత్తిని అటువైపు మళ్లించారు. ఫలితంగా ర్యామ్ ధరలు ప్రపంచవ్యాప్తంగా బాగా పెరిగాయి. అమెరికాకు చెందిన మైక్రాన్ సంస్థ, వినియోగదారులకు నేరుగా అమ్మే ‘క్రూషియల్’ వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించడం గమనార్హం. పెద్ద కంపెనీలు విడిభాగాలను ముందస్తు ఒప్పందాలపై కొంటాయి కనుక పెరిగిన ధర వాటి యంత్రాలలో కొంత ఆలస్యంగా ప్రతిఫలిస్తుంది. దుకాణంలో విడిగా కొనేవారు మాత్రం ఆనాటి ధరే చెల్లించక తప్పదు. కాబట్టి రెండు మార్గాల ధరలనూ ఒకే రోజున, ఒకే స్థాయి భాగాలతో పోల్చి చూడడం అవసరం.

ఈ పోలికలో ఒక మెలకువ పాటించాలి. ఆటల వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది గ్రాఫిక్స్ కార్డు. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేదీ అదే. మదర్‌బోర్డు, పవర్ సప్లై వంటి భాగాల వివరాలు మాత్రం తరచు మరుగున పడిపోతాయి. కంపెనీ యంత్రాలలో కొన్నింటికి ఈ భాగాలు ఆ కంపెనీ సొంత ఆకృతిలోనే ఉంటాయి. మూడేళ్ల తరువాత మరింత శక్తివంతమైన కార్డు అమర్చబోతే పవర్ సప్లై చాలకపోవచ్చు, దానిని మార్చడానికి బజారులో దొరికే భాగం సరిపోకపోవచ్చు. ప్రామాణిక పరిమాణాల భాగాలతో కూర్చిన యంత్రానికి ఈ చిక్కు తక్కువ.

తయారీదారు ఎవరు?

అసలు సమస్య చెడిపోయినప్పుడు తలెత్తుతుంది. కంపెనీ యంత్రానికి వారంటీ ఒక్కటే, జవాబుదారీ ఒక్కరే. కూర్చిన యంత్రంలో ప్రతి భాగానికీ విడి వారంటీ ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులకు మూడేళ్లు, మేలైన పవర్ సప్లైలకు అంతకంటే ఎక్కువ కాలం లభించడం కద్దు. కాలపరిమితి రీత్యా ఇది మేలే. కానీ తెర ఆరిపోయినప్పుడు దోషం కార్డుదా, బోర్డుదా, పవర్ సప్లైదా అన్నది తేల్చవలసిన భారం యజమానిపైనే పడుతుంది.

ఈ విషయంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిశీలించదగినది. ఇతరులు తయారుచేసిన భాగాలను కూర్చే వ్యక్తిని కూడా ఆ చట్టం ఉత్పత్తి ‘తయారీదారు’ నిర్వచనంలో చేర్చింది. అంటే దుకాణదారు కూర్చి ఇచ్చిన యంత్రం వల్ల హాని జరిగితే, భాగాలు తనవి కావని తప్పుకోవడం తేలిక కాదు. ఇంటి వద్ద స్వయంగా కూర్చుకున్నవారికి ఈ రక్షణ ఉండదు. కూర్పు వరకు తయారీదారు వారే. ఫిర్యాదును కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. అయితే వీటన్నింటికీ మూలాధారం బిల్లే.

కాగా, కోల్‌కతా వంటి తేమ నగరంలో, వర్షాకాలంలో వీధులు జలమయమయ్యే చోట, యుపిఎస్‌కు, గాలి ధారాళంగా ఆడే క్యాబినెట్‌కు కొంత సొమ్ము కేటాయించడం విలాసం కాదు. అసలు విండోస్ లైసెన్సు ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోవాలి. కంపెనీ యంత్రాలలో ఇది సాధారణంగా కలిసే వస్తుంది. అసెంబుల్డ్ యంత్రం చౌకగా కనిపించడానికి ఈ పద్దును విస్మరించడమే తరచు కారణం.

మొత్తం మీద, దోషాన్ని కనిపెట్టే ఓపిక, పరిజ్ఞానం ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంటే కూర్పు లాభసాటి. ఆ లాభం కొన్న రోజున కాక, మూడు నాలుగేళ్ల తరువాత భాగాలు మార్చుకునే రోజున కనిపిస్తుంది. అటువంటి వారు లేని ఇంటికి కంపెనీ యంత్రమే శ్రేయస్కరం. మధ్యేమార్గంగా, భాగాలను తామే ఎంపిక చేసి దుకాణంలో కూర్పించుకునేవారు ఒకే బిల్లుపై ప్రతి భాగం పేరు, క్రమసంఖ్యతో పాటు కూర్చినది తామేనని దుకాణదారుచేత రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం విలువ, బేరంలో తగ్గే రెండు మూడు వేల రూపాయల కంటే ఎక్కువ.