ఆయవ్యయ విచారము: మేఘమునకు గట్టు నద్దె



పాండవుల యాయవ్యయములు తానొక్కతెయే యెఱుగుదునని ద్రౌపది సత్యభామతో జెప్పిన మాట భారతమున నరణ్యపర్వమందు గలదు. ఇంటికేమి వచ్చుచున్నదో, యింటినుండి యేమి పోవుచున్నదో తెలిసికొనుట నేటికిని గృహిణి పనియే. ఈ కాలమున మన యిండ్లలో నొక క్రొత్త వ్యయము ప్రవేశించినది. దానిని క్లౌడు అద్దె యందురు. ఈ మాసము దానిని విచారింతము.

క్లౌడనగా మేఘము. పేరట్లున్నను ఆ యంత్రములు ఆకాశమున నుండవు. నేలమీదనే పెద్ద మందిరములలో నుండును. 2006 సంవత్సరమున అమెజాను వారు తమ కంప్యూటరులను గంటల లెక్కన నద్దె కిచ్చుట కారంభించిరి. పిమ్మట గూగులు, మైక్రోసాఫ్టు వారును ఆ త్రోవ బట్టిరి. 2022 నవంబరులో మన హైదరాబాదునందే అమెజాను వారి యిట్టి కేంద్రములు పనిచేయ నారంభించినవి. చీరలో, పచ్చళ్లో యమ్ముకొను కొందఱు సోదరీమణులు తమ యంగడిని ఇంటర్నెట్టులో నడుపుటకును, కళాశాల విద్యార్థులు అభ్యాసమునకును ఇట్టి యంత్రములను దీసికొనుచున్నారు. యంత్రమును గొననక్కఱలేదు, వాడుకొన్న కాలమునకే సొమ్ము. సదుపాయము గొప్పదే.

అయినను చిక్కొకటి గలదు. వంటయింట దీపము వెలుగుచున్న కంటికి గనబడును. కొళాయి కాఱుచున్న చెవికి వినబడును. ఈ యద్దె యంత్రము కనబడదు, వినబడదు. దానితో బని చేసినను చేయకున్నను, ఆర్పువఱకు లెక్క నడచుచునే యుండును. నే నెఱిగిన యొక యింట కుమారుడు పరీక్షకై పెద్ద యంత్రము నొకదానిని దీసికొని, పరీక్ష ముగిసినంతనే దానిని మఱచెను. సొమ్ము కట్టు కార్డు తల్లిది. మాసాంతమున వచ్చిన బిల్లు ఆమె కుట్టుపనివలన నెలకు సంపాదించు సొమ్మును మించెను. “నా కార్డు ఎవరి కద్దె కట్టుచున్నదో నాకే తెలియదు గదా!” యని యామె నొచ్చుకొన్నది.

ఇందులకు మొదటి యుపాయము ఆర్పుట. 30 దినముల నెలకు 720 గంటలు. దినమునకు 10 గంటల చొప్పున 22 దినములు పనిచేసినచో 220 గంటలే. పని ముగిసినంతనే యార్పువారికి 500 గంటల యద్దె మిగులును. అంగడి యంత్రము రేయింబవళ్లు నడువవలెను గనుక దానికీ యుపాయము పొసగదు. ఏడాదికో మూడేండ్లకో ముందుగా నొడంబడినచో వారు ధర తగ్గింతురు. కాని కొన్ని నెలల వాడుక చూచినగాని యట్టి యొడంబడిక చేసికొనరాదు.

ఆర్పినంతనే యంతయు ముగిసెనని తలపరాదు. యంత్ర మాగినను, దానికి దగిలించిన డిస్కునకు అద్దె సాగును. ఇంటర్నెట్టులో యంత్రమునకు విలాసమువంటి ఐపీ సంఖ్య యొకటి యుండును. 2024 ఫిబ్రవరి 1 నుండి అమెజాను వారు అట్టి బహిరంగ సంఖ్య యొక్కొక్కదానికి గంటకు 0.005 డాలరు విధించిరి. అది నెలకు 3.60 డాలర్లు. పదింటిని మఱచినచో నెలనెలకు 36 డాలర్లు కుండ చిల్లినుండి కాఱినట్లు పోవును.

రెండవది చీటి. ఏ జాడీలో నే యేటి యావకాయ యున్నదో చీటి యంటింతుము గదా! అట్లే ప్రతి యంత్రమునకును, ప్రతి డిస్కునకును ఇది యెవరిది, యెందులకు, యెప్పటివఱకు అని పేరు వ్రాయ వీలున్నది. చీటి లేనిది కనబడినచో దాని కర్తను వెదకవలయును.

మూడవది హెచ్చరిక. ఇంత సొమ్ము దాటినచో దెలుపుడని ముందుగా నేర్పఱుపవచ్చును. కాని సాధారణముగా నా హెచ్చరిక జాబు పంపునే గాని యంత్రము నార్పదు. లెక్కయు గొన్ని గంటలు ఆలస్యముగా జేరును. దానినే నమ్మి కూర్చుండిన, దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లగును. కావున ననుకొన్న మొత్తములో సగమునకే యొక హెచ్చరిక నుంచి, దినమున కొకసారి లెక్కను స్వయముగా జూడవలయును.

మఱియొక మాట. పొదుపు పేరిట దొరికినదెల్ల జెఱిపివేయరాదు. అంగడి పద్దుల రెండవ ప్రతి వృథా వ్యయమువలె గనబడును. మొదటి ప్రతి చెడిననాడు అదియే యింటిని నిలుపును. ఎన్నడో గాని యవసరపడని ప్రతులను అటకమీద సామానువలె జౌక నిలువలో నుంచవచ్చును; కాని వానిని దిరిగి తీయుటకును, గడువునకు ముందే తొలగించుటకును ప్రత్యేక రుసుము గలదు.

ఈ యంత్రముల విద్య మనకు రాకున్నను అడుగుట మన చేతిలోనిదే. మీ కార్డుతో నద్దె కట్టు పిల్లలను నేటి రాత్రి భోజనమైన పిమ్మట గూర్చుండబెట్టి యడుగుడు: ఇప్పుడేవి నడుచుచున్నవి? అవి యెవరివి? ఎప్పుడు ఆర్పెదరు? వచ్చిన సమాధానములను పద్దుల పుస్తకమున వ్రాసికొనుడు. మరునాటి యుదయమున బిల్లుతో సరిచూడుడు.